బాపు ఊపిరే కొలబద్ద

కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. అన్నం కూడా నిలబడే తింటానని మా అమ్మ, మేము అవ్వ అంటాం, ఇప్పటికీ తిడుతుంది. అలాంటిదాన్ని పోయి పోయి ఊపిరి కొలిచే చదువులో పడ్డాను. మెడికల్ బయోఫిజిక్స్ అంటే నస్పూర్‌లో మా వాడకట్టులో ఎవరికీ అర్థం కాలేదు. డాక్టరువా అని అడిగేవాళ్లు. కాదంటే నర్సువా అనేవాళ్లు. అదీ కాదంటే, పాపం ఇంత చదివి ఏదీ కాలేకపోయిందే అన్నట్టు చూసేవాళ్లు. చివరికి బాపే ఒక జవాబు తయారుచేసి పెట్టాడు. ఎవరడిగినా "మా బిడ్డ ఊపిరి లెక్క చూస్తది" అని చెప్పి, ఇంకో ప్రశ్న రాకముందే మాట మార్చేవాడు.

బాపు ముప్పై ఏళ్లు గనిలో రాయికి బొక్కలు కొట్టే పని చేశాడు. బొగ్గు దగ్గరికి పోవాలంటే ముందు రాయిని దాటాలి కదా, ఆ రాయి పని ఆయనది. నేను పీహెచ్‌డీలో చేరేనాటికి రిటైరై మూడేళ్లయింది. బీడీ ముట్టడు, కల్లు ముట్టడు. ఆదివారం మా ప్రార్థన మందిరంలో పాట ఎత్తేది ఆయనే. ఆయన ఒక చరణం అందుకుంటే మిగతావాళ్లు మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుని అందుకోవాల్సిందే.

కరీంనగర్‌లో ఒక మెడికల్ కాలేజీలో మా గైడు ఉండేది. మేడం మాట తక్కువ, ఫోన్లు ఎక్కువ. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఎక్స్‌రేలో కనబడేసరికే ఆలస్యమైపోతుంది. అంతకంటే ముందే పట్టుకోవడం ఎట్లా అన్నది నా ప్రశ్న. మనిషి బలంగా ఊదినప్పుడు మొదటి సగం ఆయన కండబలం చెబుతుంది. చివరి సగం మాత్రం ఊపిరితిత్తుల లోపలి సన్న గొట్టాల సంగతి చెబుతుంది. అక్కడ ఎంత బలమున్నా పనికిరాదు. గాలి ఎట్లా తగ్గుతూ వచ్చిందో ఊపిరి కొలిచే మిషన్ గీత గీసి చూపిస్తుంది. ఆ గీత తోకలో దుమ్ము మొదటి ఆనవాలు దొరుకుతుందని నా నమ్మకం. ఆ తోక కోసమే నస్పూర్, బెల్లంపల్లి మధ్య బస్సుల్లో మిషన్ ఒళ్లో పెట్టుకుని తిరిగాను.

మొదటి వారంలోనే నా లెక్క తలకిందులైంది. బెల్లంపల్లిలో ప్రార్థన మందిరం పక్క గది అడిగి తీసుకుని మిషన్ పెట్టాను. మొట్టమొదట వచ్చిన కాకా బాపు కంటే నాలుగేళ్లు పెద్ద. ఊదే గొట్టం చేతిలోకి తీసుకుని, చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"గట్టిగ ఊదాల్నా, మెల్లగ ఊదాల్నా బిడ్డా? ముందుగాల్నే చెప్పు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గనిలో పనిచేసిన మనిషికి ఊదే మిషన్ అంటే ఒకటే అర్థం, మెడికల్ బోర్డు. పనికి ఆరోగ్యం చాలదని అక్కడ తేలితే మనిషి దిగిపోతాడు, కొడుక్కి ఉద్యోగం వస్తుంది. నిజంగా రోగమున్నవాళ్లకు అది ఆసరా, లేనివాళ్లకు ఆశ. ఎప్పుడో రిటైరైనవాళ్లు కూడా గొట్టం నోట్లో పెట్టుకోగానే అలవాటు కొద్దీ సగం ఊపిరి లోపలే దాచుకునేవాళ్లు. ఇది బోర్డు కాదు కాకా, చదువు అని ఎంత మొత్తుకున్నా తలూపి మళ్లీ దాచుకునేవాళ్లే. ఇంకా డ్యూటీలో ఉండి, పని పోతుందని భయపడేవాళ్లేమో కళ్లు తేలేసేదాకా ఊదేవాళ్లు. ఈ పరీక్షలో పక్కన నిలబడి అరవడం కూడా నా పనే. ఊదు, ఊదు, ఆపకు, ఇంకా ఊదు అని తండ్రి వయసు వాళ్ల మీద రోజంతా అరిచి, సాయంత్రానికి గొంతు పోయి, తిక్క ఎక్కి ఇంటికొచ్చేదాన్ని.

ఒక మనిషి అంకె తక్కువ వచ్చిందంటే మూడు కారణాలుండొచ్చు. రోగమైనా ఉండాలి, దాచుకోవడమైనా కావాలి, మిషన్ తప్పైనా చూపాలి. మొదటి రెండూ మనిషి కడుపులో ఉన్నవి. మూడోదాన్నైనా పక్కా చేసుకుందామంటే, మిషన్‌ను సరిచూసే పెద్ద పంపు ఒకటి ఉంటుంది. దానితో సరిగ్గా మూడు లీటర్ల గాలి తోస్తే మిషన్ మూడే చూపించాలి. మా డిపార్ట్‌మెంటు మొత్తానికి అలాంటిది ఒకటే ఉంది. మూడు వారాలు నా దగ్గర ఉన్నాక, ఉట్నూర్ వైపు పల్లెల్లో కట్టెల పొయ్యి పొగ మీద పనిచేసే సీనియర్ దాన్ని జీపులో వేసుకుని వెళ్లిపోయాడు. ఆయన కోసం ఆగితే నా ఏడాది పోతుంది. ఆగడం నావల్ల ఎక్కడవుతుంది?

పంపు లేనప్పుడు ఆరోగ్యమైన మనిషి ఒకరిని పెట్టుకుని రోజూ ఊదించి చూసుకునే పద్ధతి కూడా ఉంది. ఆ మనిషి ఊపిరి మారదు కాబట్టి, అంకె మారితే మిషన్ చెడిందని అర్థం. నన్ను నేనే పెట్టుకోవచ్చు, కానీ నాకు చిన్నప్పటి నుంచీ ఆయాసం, చలి పెడితే పిల్లికూతలు. దాచుకోకుండా, బోర్డు అనుకోకుండా, ప్రతిసారీ ఒకేలా ఊదే మనిషి ఎవరా అని చూస్తే ఇంట్లోనే ఉన్నాడు. ఆయనా గని మనిషేనన్నది, ఆదివారం పాట వినే నాకు అడ్డుగా తోచలేదు. పంపు ఉన్న మూడు వారాల్లో బాపు ఊదినప్పుడల్లా మూడు పాయింట్ ఆరు లీటర్లు. పొద్దున, సాయంత్రం, అన్నం తిన్నాక, తినకముందు, ఎప్పుడైనా మూడు పాయింట్ ఆరే. మేడంకు ఫోన్ చేసి చెప్తే సరే, రాసి పెట్టుకో అంది.

అట్లా బాపు నా కొలబద్ద అయ్యాడు. రోజూ పొద్దున ఏడింటికి తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందుగదిలో కుర్చీలో కూర్చునేవాడు. ఊదడానికి ఇస్త్రీ ఎందుకని నేను ఎగతాళి చేస్తే, డ్యూటీ డ్యూటీయే అనేవాడు. ముక్కుకు క్లిప్పు తానే పెట్టుకునేవాడు. మూడుసార్లు ఊది, గొట్టం తీసి, ఒకే మాట అడిగేవాడు.

"వచ్చిందా నంబర్?"

"బరాబర్ వచ్చింది బాపు."

అది విన్నాకే చాయ్ తాగేవాడు. నేను మిషన్ సంచిలో వేసుకుని బస్సుకు పరుగెత్తేదాన్ని.

ఎండాకాలం చివర్లో అంకె కొంచెం కిందికి దిగింది. వేడికి మిషన్ అట్లా చేస్తోందనుకున్నాను. వానలు పడ్డాక ఇంకా దిగింది. ఈ మిషన్‌లో గాలికి తిరిగే చిన్న రెక్క ఉంటుంది. తేమ పడితే బరువెక్కి తక్కువ చూపిస్తుందని పుస్తకాల్లోనే ఉంది. రెక్క విప్పి తుడిచాను, ఫ్యాను కింద ఆరబెట్టాను, కొత్త బ్యాటరీ వేశాను. మూడున్నర దాటలేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. ఒకవైపు మేడం నెలాఖరుకు లెక్కలు పంపమంటోంది, ఇంకోవైపు బెల్లంపల్లిలో మనుషులు నాకోసం పని మానుకుని కూర్చున్నారు.

అప్పుడు నేను చేసింది ఇదీ. మిషన్ సాఫ్ట్‌వేర్‌లో దిద్దుబాటు అంకె వేసుకునే చోటు ఒకటుంది. మిషన్ తక్కువ చూపిస్తోందని మనకు తెలిస్తే, ఎంత తక్కువో అంత కలిపి చూపించమని అక్కడ చెప్పొచ్చు. బాపు మూడు పాయింట్ ఆరు ఊదాలి, మిషన్ మూడున్నర చూపిస్తోంది, కాబట్టి మిషన్‌ది తప్పు. తేడా లెక్కగట్టి వేసేశాను. ఇంకోసారి ఊదు బాపు, మిషన్ సరిచేశాను అన్నాను. ఊదాడు. సరిగ్గా మూడు పాయింట్ ఆరు. బరాబర్ అన్నాను. బాపు ముఖం వెలిగింది, నాదీ వెలిగింది.

ఆ తర్వాత రెండు మూడు వారాలకోసారి దిద్దుతూనే ఉన్నాను. అసలు అంకె, కలిపిన అంకె రెండూ నోట్‌బుక్‌లో తేదీలతో రాసుకున్నాను, అంతవరకు బుద్ధిగానే ఉన్నాను. అదే మిషన్‌తో ఊదిన బెల్లంపల్లి వాళ్లందరి అంకెలకూ ఆ కలిపింది కలుస్తూనే పోయింది. ఆదివారం బాపు పాట ఎత్తి, రెండో చరణం పక్కవాళ్లకు వదిలేయడం నేను చూడలేదా? చూశాను. వయసు మీద పడి మర్యాద నేర్చాడనుకున్నాను.

దసరా సెలవులకు సీనియర్ ఉట్నూర్ నుంచి దిగాడు. మంచిర్యాల బస్టాండులో పంపు నా చేతిలో పెట్టి, కనీసం థాంక్స్ చెప్పించుకోకుండా కరీంనగర్ బస్సెక్కాడు. మర్నాడు పొద్దున బాపు ఇంకా స్నానం చేస్తుంటే పంపును మిషన్‌కు తగిలించి మూడు లీటర్లు తోశాను. మూడు పాయింట్ మూడు చూపించింది. ఎక్కడో గాలి లీకైందనుకుని మళ్లీ తోశాను. అదే. నా దిద్దుబాటు తీసేసి తోశాను. మూడు. మళ్లీ మూడు. మెల్లగా తోసినా, గట్టిగా తోసినా, పదిసార్లు తోసినా మూడే.

మిషన్‌కు ఏ రోగమూ లేదు.

భౌతికశాస్త్రం చదివినదాన్ని కదా, ఆ తర్వాతి మాట నా మనసులోకి ఒక్కో మెట్టే దిగి వచ్చింది. మిషన్ సరిగ్గా ఉందంటే వాన తప్పు లేదు. వాన తప్పు లేదంటే తగ్గిన గాలి నిజంగా తగ్గినట్టే. అంతలో బాపు తల తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, క్లిప్పు పెట్టుకున్నాడు. వద్దనకుండా గొట్టం చేతికిచ్చాను. దిద్దుబాటు లేకుండా ఊదాడు. మూడు పాయింట్ రెండు. గొట్టం తీసి, రోజూలాగే అడిగాడు. మిషన్ ఇయ్యాల పని చేయడం లేదని అబద్ధం చెప్పి వంటింట్లోకి పోయాను.

అవ్వ రొట్టె చేస్తోంది. బాపుకు ఈమధ్య ఆయాసం ఏమైనా వస్తోందా అని మామూలుగా అడిగినట్టే అడిగాను. ఆమె పిండి చేతులు కడుక్కోకుండానే నా వైపు తిరిగింది. ఎండాకాలం పోయినప్పటి నుంచీ పొద్దుటి నడక మానేశాడట. నేను లేవకముందే లేచి, పెరట్లో గంటసేపు మాట్లాడకుండా కూర్చుంటాడట, మిషన్‌లోకి ఊపిరి దాచిపెట్టుకోవడానికి.

"నీకు చెప్పద్దన్నడు. తన నంబర్ తప్పితే బిడ్డ చదువు ఖరాబైతదని ఒకటే ఫికర్ ఆయనకు" అంది.

అందరూ ఊపిరి దాచుకుని నాకివ్వకపోతే, ఈయన గంట ముందు నుంచి దాచుకుని నాకు తెచ్చి ఇస్తున్నాడు. ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదనో తెలియదు. అవ్వ మీద అరిచాను, ముందే ఎందుకు చెప్పలేదని. ఆమె మాడుతున్న రొట్టెను తిప్పింది.

రెండు రోజుల్లో బాపును కరీంనగర్ తీసుకెళ్లాను. మా కాలేజీ ఛాతీ డాక్టరే స్కానింగ్ చూశాడు. రెండు ఊపిరితిత్తుల్లోనూ రాతి దుమ్ము కట్టిన మచ్చలు. గని మానేసినా దుమ్ము తన పని మానదని, వేగం తగ్గించడానికి మందులున్నాయని, పోయింది మాత్రం రాదని నాకు విడిగా చెప్పాడు. ఇంకా ముందు తెస్తే బాగుండేదని కూడా అన్నాడు. ఊరందరి ఊపిరిలో మొదటి ఆనవాలు వెతకడానికి బస్సులెక్కి తిరిగినదాన్ని. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యికి ఊరంతా తిరగడమంటే ఇదే. బయటికొచ్చి, కొంచెం దుమ్ము ఉందట బాపు అన్నాను. గనిలో చేసినోనికి దుమ్ము కాక బంగారం ఉంటదా అని నవ్వి, బస్సులో కిటికీ పక్క సీటు చూసి కూర్చున్నాడు.

నా తప్పు మేడంకు చెప్పుకోక తప్పదు. నోట్‌బుక్ బల్ల మీద పెట్టి, నేలచూపులు చూస్తూ మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. దిద్దుబాటు వెనక్కి తీసేయడం కూడికలు తీసివేతలే, నాలుగు రోజుల పని అంది. తర్వాత బాపు అసలు అంకెల పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. కంప్యూటర్‌లో ఆయన గీతలు ఒకదాని మీద ఒకటి వేయించింది. రెండో నెల నుంచే తోక వంగింది చూడు, అంకె తగ్గకముందే వంగింది అంది. దుమ్ము రోగం పెరుగుతున్న మనిషి ఏడు నెలలు రోజూ ఊదిన లెక్క తన సర్వీసులో చూడలేదంది. ఆమె గొంతులో నేనెప్పుడూ వినని హుషారు.

"ఇదే నీ థీసిస్."

నోట్‌బుక్ లాక్కుని బయటికొచ్చేశాను. బస్టాండుకు పోయి, వచ్చిన రెండు మంచిర్యాల బస్సులు ఎక్కకుండా చుట్టూ తిరిగాను. ఆయన మా బాపు, నీ లెక్క కాదు అని మేడంతో అనాల్సిన మాటలన్నీ అక్కడ అనుకున్నాను. అసలు విషయం ఇక్కడైనా ఒప్పుకోవాలి. కోపం రావడానికి ముందు, తోక వంగిన ఆ గీత చూసినప్పుడు, ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది. నేను అనుకున్నదే నిజమైందని. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

బాపు లెక్క వాడాలంటే ఆయన సంతకం కావాలి. మిగతా అందరి దగ్గరా తీసుకున్న ఒప్పుకోలు పత్రమే. దాన్ని తెలుగులో రాసింది నేనే. మీ పరీక్షలో తెలిసిన విషయం మీకు పూర్తిగా చెబుతాము అని అందులో మూడో వాక్యం. ఆ వాక్యం బాగా కుదిరిందని అప్పట్లో మురిసిపోయాను కూడా. నాలుగు రోజులు కాగితం సంచిలో పెట్టుకుని తిరిగాను. తీయడం, మళ్లీ పెట్టడం. సంతకం అడక్కపోతే చెప్పనక్కర్లేదు, థీసిస్ పోతే పోయిందని ఒక పూట అనుకునేదాన్ని. చెప్పకుండా ఎన్నాళ్లు దాస్తాను, మందులు వాడేది ఆయనే కదా అని ఇంకో పూట. అన్నం నిలబడి కూడా తినలేకపోయాను.

ఆదివారం మధ్యాహ్నం బాపే అడిగాడు. సంచిలోంచి గా కాయిదం ఎన్నిసార్లు తీస్తవ్, నాకేనా అన్నాడు. ఇచ్చాను. చదివి వినిపించమన్నాడు. అరుగు మీద పక్కన కూర్చుని చదివాను. మూడో వాక్యం దగ్గర ఆగి, కాగితం పక్కన పెట్టి, మాటల్లో చెప్పాను. స్కానింగ్, మచ్చలు, ఏడు నెలల్లో తగ్గిన గాలి. బాపు ముఖం వీధి వైపే ఉంది.

"తగ్గింది మళ్ల పెరుగుతదా?"

"పెరగదు బాపు."

చొక్కా గుండీ ఒకటి తీసి మళ్లీ పెట్టుకున్నాడు. కొంచెం సేపటికి, మరి రోజూ బరాబర్ వచ్చిందని చెప్పినవ్ గదా అని అడిగాడు. కోపం లేదు, అర్థం చేసుకోవాలని అడిగాడు. మిషన్ తప్పనుకున్నాను బాపు, తగ్గినప్పుడల్లా మిషన్‌ను దిద్దుకుంటూ పోయాను అన్నాను. ఆయన తల చాలాసేపు ఊపాడు.

"లోపల తక్కువైతున్నట్టు నాకు ఎరుకైతనే ఉండె. మెట్లెక్కితే ఎగపోతుండె. దవాఖానకు పోదామనుకున్న రెండుసార్లు. కని పొద్దుగాల్నే నువ్వు బరాబర్ అంటుంటివి. నా బిడ్డ మిషన్ చెప్తుంది గదా, నాకేం కాలే, నాదే అనుమానం అనుకున్న."

నేను ఏడ్చాను. ఆయన ముందు ఏడవకూడదని బస్సులో ఎన్నిసార్లు అనుకున్నానో, అవన్నీ పోయాయి. తప్పు నాది బాపు, నీ ఊపిరి చెప్తుంటే నేనే నమ్మలేదు అన్నాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి వేయలేదు, ఊరుకోమనలేదు. అట్లాంటివి ఆయనకు రావు. పెన్ను అడిగాడు. సంతకం చేసే చోటు చూపించమన్నాడు. పేరంతా రాసి, కింద గీత కూడా గీసి, కాగితం నాకిచ్చాడు.

"ఇంకెన్ని దినాలు ఊదాలె?"

ఊదక్కర్లేదు, ఎప్పుడైనా మానుకోవచ్చు, అందులోనే రాసి ఉంది అన్నాను. వద్దన్నాడు.

"రేపటి సంది కూడ ఊదుత. కని నువ్వు మాత్రం మిషన్‌ను దిద్దకు."

మర్నాడు ఏడింటికి వచ్చి కూర్చున్నాడు. పెరట్లో కూర్చోకుండా, అవ్వతో ఏదో మాట్లాడుకుంటూనే వచ్చాడు. మూడుసార్లు ఊదాడు. గొట్టం తీసి, నంబర్ వచ్చిందా అని అడగలేదు. ఎంత అని అడిగాడు. మూడు పాయింట్ ఒకటి అని చెప్పాను.